పాదాల వైపు తాడు

మంచు కొండ దిగుతోంది.

ముందు శిఖరం ఆ పొగమంచులో పోయింది. తర్వాత గొర్రెల దొడ్డి పోయింది. తర్వాత దారి...

తడిసిన ఉన్ని వాసన. పొయ్యిలో కట్టెల బదులు నల్లమట్టి గడ్డలు కాలుతున్న వాసన. వాటి మధ్య కొత్త చెక్క వాసన.

ఆ చెక్క పెట్టెలో నినియన్ ఉన్నాడు.

ఆవ్రిక్ లోయకి దొర. ఇంతమంది కౌలుదార్లకి, ఇన్ని కొండలకి, ఆ సరస్సుకి దొర. పెట్టెలో మాత్రం ఒక మనిషి. అంతే.

గుర్రాల కొట్టం గుమ్మంలో నిలబడి ఒక నౌకరు చూస్తున్నాడు. లోపలికి వెళ్ళొచ్చు. నౌకర్లందరూ వెళ్ళి చూసి వస్తున్నారు. వెళ్తే అందరిలాగా చూసి, అందరిలాగా తల వంచి, అందరిలాగా వచ్చెయ్యాలి.

అందుకని వెళ్ళలేదు.

లోయలో అతన్ని టామ్ అంటారు. టామ్ రీడ్. కెనడా నుంచి వచ్చాడని, తాతది ఈ పక్క లోయేనని చెప్పుకుంటారు.

అతను టామ్ కాదు.

అతనిది కెనడా కాదు.

పేరు ఏసా విట్లాక్. అమెరికాలో, వయోమింగ్‌లో, ఆ పేరు మీద ఉరిశిక్ష ఉంది. ఒక రైలు దోపిడీలో కాపలా మనిషి చచ్చిపోయాడు. కాల్చింది ఏసా కాదు. కాల్చినవాడి పక్కన ఉన్నాడు. అక్కడి చట్టానికి రెండూ ఒకటే. కొన్ని రాత్రులు అతనికీ రెండూ ఒకటే.

ఆ పేరుతో అతన్ని పిలిచే మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు.

ఆ ఒక్కడూ ఇప్పుడు...

*

వయోమింగ్ గడ్డి మైదానాల్లో నినియన్‌కి పశువుల మందలుండేవి. గుర్రాలుండేవి. ఆ గుర్రాల్ని ఏసా దొంగిలించాడు.

గుర్రాలు పోతే ఎవరైనా తుపాకులిచ్చి పదిమందిని పంపుతారు. నినియన్ ఒక్కడే వచ్చాడు. తుపాకీ లేకుండా వచ్చాడు. గొడుగు తెచ్చుకున్నాడు.

మంచు తుఫాను పట్టుకుంది. దారి తప్పాడు.

ఏసా కొండ మీంచి చూశాడు. తెల్లటి మైదానంలో నల్లటి గొడుగు — అటు పోతుంది, ఇటు పోతుంది, ఆగుతుంది. కాసేపటికి కదలడం మానేసింది. గుర్రాలు చేతిలో ఉన్నాయి. వెళ్ళిపోవచ్చు.

వెనక్కి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఈనాటికీ తెలీదు.

నడుం దాకా కూరుకుపోయిన మనిషి నీలం తిరిగిన పెదాలతో మొదటి మాట అడిగాడు.

"గుర్రాలకి నీళ్ళు పెట్టావా?"

ఏసా నవ్వాడు. ఎన్నేళ్ళకో నవ్వాడు.

అక్కడే మనసు పోయింది.

ఆ చలికాలం ఇద్దరూ ఒకే కొయ్యగుడిసెలో గడిపారు. తర్వాతి సంగతి చెప్పడానికి మాటలు లేవు. వాళ్ళ భాషలోనూ లేవు అప్పుడు. ఉన్నవన్నీ తిట్లే. ఆ తిట్లు వాళ్ళకి తెలుసు. అందుకని మాటలు లేకుండానే బతికారు. బాగా బతికారు.

మంచు కరిగాక నినియన్ అతన్ని వెంటబెట్టుకుని, సముద్రం ఇవతల తన సొంత లోయకి ఓడ ఎక్కాడు.

*

ఆవ్రిక్‌లో ఏసా పగలు "దొరగారూ" అనేవాడు. కళ్ళెం పట్టుకుని నిలబడేవాడు. గుర్రం ఎక్కేటప్పుడు దొర అతని భుజం మీద చెయ్యి ఆన్చేవాడు. ఒక దొర ఒక నౌకరు భుజం మీద ఎంతసేపు ఆన్చాలో అంతసేపే.

ఆ కాస్తసేపే వాళ్ళ పగలు.

అలా ఏళ్ళు గడిచాయి. నినియన్ జుట్టు నెరిసింది. ఏసా మోకాలు పట్టేసింది. వానలో ఇద్దరూ గుర్రాల మీద కొండలెక్కారు, దిగారు. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. అదే వాళ్ళ అదృష్టం.

లోయవాళ్ళకి తెలుసా?

కొండకి వాన తెలిసినట్టు తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

జింకల వేట చూసే మర్డో మాత్రం ఊరుకునేవాడు కాదు. అతనికి టామ్ అంటే పడదు. దొర వెంట కొండకి వెళ్ళే హక్కు అంతకుముందు మర్డోది. ఆ స్థానంలోకి ఎక్కడివాడో వచ్చాడు.

"ఏరా కెనడా, మీ దేశంలో గుర్రాలతో కూడా ముక్కుతోనే మాట్లాడతారా?"

"ముక్కుతో మాట్లాడితే గుర్రాలు ఆగుతాయి. నువ్వు నోటితో మాట్లాడితే జింకలు పక్క లోయకి పోతున్నాయి."

"పోతే పోనీ. పక్క లోయ మీ తాతదేగా. అడిగి తోలుకొద్దాం."

ఇదీ వాళ్ళ వరస. పొద్దున మొదలైతే విస్కీ దాకా.

*

వాగు పొంగిన రోజున ఒక గొర్రెల కాపరి ఇల్లు మునిగిందని నినియన్ నీళ్ళలో దిగి వెళ్ళాడు. తడిసి వచ్చాడు. దగ్గు పట్టుకుంది. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది.

అదే వారంలో సత్రానికి ఒక మనిషి వచ్చాడు.

షికాగో నుంచి వచ్చాడు. పేరు గ్రాంజర్. చేపలు పట్టుకోవడానికి వచ్చానన్నాడు. అతని గేలం ఒక్క పూట కూడా తడవలేదు. లోయలో ఇల్లిల్లూ తిరిగి, వయోమింగ్ నుంచి దొర వెంట ఎవరు వచ్చారని అడిగాడు.

"కుక్క వచ్చింది," అంది ఇంటి పెత్తనం చూసే ఎఫీ. "పోయినేడు చచ్చిపోయింది. సమాధి చూస్తారా?"

సత్రం వాడూ కుక్కనే చెప్పాడు. కమ్మరివాడూ కుక్కనే చెప్పాడు. ఎవరూ కూడబలుక్కోలేదు. ఆ కుక్క ఇంట్లో పుట్టిన కుక్కే. వయోమింగ్ మొహం ఎరగదు.

గ్రాంజర్ కొట్టం దాకా వచ్చాడు. కెనడాలో మీది ఏ ఊరని ఏసాని అడిగాడు. ఏసా ఒక ఊరు చెప్పాడు. గ్రాంజర్ తల ఊపాడు. గుర్రం మెడ నిమిరాడు. వెళ్ళిపోయాడు.

నమ్మలేదు. ఇద్దరికీ తెలుసు.

కానీ పరారీలో ఉన్నవాళ్ళని పట్టే ఆ మనిషికి ఏసా ముఖం తెలీదు. ఏసా ఎప్పుడూ ఫోటో తీయించుకోలేదు. గ్రాంజర్ దగ్గర ఉన్నది పేరొక్కటే. ఆ పేరు అతను ఎక్కడా నోరు జారి అనలేదు. దాచుకున్నాడు. ఆ పేరుకి పలికే మనిషి దొరికితే చాలు — వెంట పోలీసులొస్తారు, ఓడ వస్తుంది.

పారిపోవచ్చు. మంచం మీద నినియన్ ఉన్నాడు. ఎలా పారిపోతాడు?

దొరకి చెప్పాలనుకున్నాడు. ఎఫీ మెట్ల దగ్గర ఆపింది.

"చెప్పకు నాయనా. ఆయనకి మిగిలింది గుప్పెడు ఊపిరి. అది కూడా భయానికే ఖర్చు పెట్టిస్తావా?"

చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం కిటికీలో వెలుగు బాగుంది. నినియన్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. గొంతు రావడం లేదు. ఊపిరి తీసుకుని ఒక మాట, ఊపిరి తీసుకుని ఒక మాట.

"గొయ్యి దగ్గర నా పాదాల వైపు తాడు నువ్వు పట్టుకోవాలి."

"ఆ మాటలెందుకిప్పుడు?"

"పట్టుకుంటావా?"

"టామ్ పట్టుకుంటాడులే. పడుకో."

నినియన్ చాలాసేపు అతన్ని చూశాడు.

"టామ్ ఎవరో నాకు తెలీదు," అన్నాడు.

ఏసా నవ్వి దుప్పటి సర్దాడు. జ్వరం మాట అనుకున్నాడు. ఇన్నేళ్ళయింది, ఏసా అన్న పేరు వయోమింగ్‌లో ఎవరికి గుర్తుంటుంది, అని కూడా నినియన్ అన్నాడు. ఏసా బయటికి చూశాడు. కిటికీలోంచి సత్రం పొగగొట్టం కనిపిస్తోంది. పొగ నిటారుగా లేస్తోంది...

ఆ మర్నాడు దొర వడ్రంగిని పిలిపించుకున్నాడు. పెట్టె కొలతల కోసమనుకున్నారు అందరూ.

*

ప్రార్థన ఇంట్లోనే అయిపోతుంది. గొయ్యి దగ్గర ప్రార్థన ఉండదు వాళ్ళకి. అక్కడ పేర్లుంటాయి.

ఆడవాళ్ళు, ఆచారం ప్రకారం, మలుపు దాకా వచ్చి ఆగిపోయారు. ఎఫీ ఏసా మెడకి తన శాలువా చుట్టింది. శాలువా కొసలు కాసేపు వదల్లేదు.

సరస్సు ఒడ్డున స్మశానం. అక్కడికి కొండదారి. పెట్టె కింద పొడుగాటి వాసాలు దూర్చి ఎనిమిదిమంది ఎత్తుకుంటారు. కొంతదూరం నడిచి మరో ఎనిమిదిమందికి అందిస్తారు. దొర తమ్ముడైనా ఒకటే, పేడ ఎత్తేవాడైనా ఒకటే. అడిగిన ఎవరికైనా భుజం ఇవ్వాల్సిందే.

మోయడానికి పేరు అక్కర్లేదు.

ఏసా మోశాడు. తన వంతు అయ్యాక పక్కకి తప్పుకోలేదు. ఇంకొకరి వంతు అడిగి మోశాడు. వాసం భుజంలోకి దిగింది. దిగనీ అనుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ భుజం మీద ఆ మనిషి చెయ్యి ఎంతసేపు ఉండాలో అంతసేపే ఉంది. ఇవాళ లెక్క లేదు. ఇవాళ ఎంతసేపైనా మోయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

వెనకాల కొత్త అడుగులు వినిపించాయి. ఎవరో వాసం కింద భుజం దూర్చారు. మెడ మీద ఊపిరి తగిలింది.

గ్రాంజర్.

అడిగిన ఎవరికైనా భుజం ఇవ్వాల్సిందే. ఇచ్చారు.

వేటాడేవాడూ, తప్పించుకునేవాడూ. ఒకే వాసం. ఒకే అడుగు. ఏసా కుడికాలు వేస్తే వెనక కుడికాలు పడింది. పడకపోతే పెట్టె ఒరిగిపోతుంది. గ్రాంజర్ జాగ్రత్తగానే మోశాడు. అదీ చెప్పాలి.

దారిలో రాళ్ళ కుప్ప దగ్గర దించారు. ఓట్స్ రొట్టె, చీజ్, విస్కీ పంచారు. పోయినవాడి పేరు మీద తలా ఒక రాయి వేశారు. మర్డో పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నీ భుజం అరిగిపోతుంది, కెనడా. దొర లేచి తిడతాడు."

"తిట్టనీ," అన్నాడు ఏసా.

మర్డో తన గుక్క విస్కీ అతనికిచ్చాడు.

వాన మొదలైంది. గొడుగులు ఎవరూ తెచ్చుకోలేదు.

*

దించడానికి పేరు కావాలి.

పెట్టెకి ఎనిమిది తాళ్ళు. ఒక్కో తాడుకి ఒక్కో మనిషి. ఎవరిది ఏ తాడో పోయినవాడే చెప్పి పోతాడు. వడ్రంగి గొయ్యి అంచున నిలబడి పిలుస్తాడు. అబద్ధపు పేరుతో తాడు పట్టకూడదు — పడితే ఆ చేతిని పోయినవాడు గుర్తుపట్టడని ఆ లోయ నమ్మకం. పేరుకి పలకాలి, ముందుకొచ్చి పట్టాలి.

వడ్రంగి ఫర్కర్ టోపీ తీశాడు. నెరిసిన తల మీద వాన పడుతోంది.

"తల వైపు — సైమన్ లామంట్."

దొర తమ్ముడు సైమన్ వచ్చి పట్టుకున్నాడు.

"కుడి భుజం..."

పినతండ్రి కొడుకు వచ్చాడు. ఎడమ భుజం. మేనమామ వచ్చాడు. ఒక్కో పేరూ వినబడింది. ఒక్కో చెయ్యీ వచ్చింది. ఏసా జనంలో, గోడ వారన, నిలబడి ఉన్నాడు. తనని ఎవరూ పిలవరని తెలుసు. తెలిసీ వింటున్నాడు.

ఒక్క తాడు మిగిలింది.

"పాదాల వైపు — ఏసా విట్లాక్."

వాన చప్పుడు.

"ఎవరతను?" అన్నాడు సైమన్.

"నాకు తెలీదు బాబూ. అన్నగారు స్వయంగా చెప్పారు. వస్తాడన్నారు. ఆచారం ప్రకారం మూడుసార్లు పిలుస్తాను. వచ్చేవాడు వస్తాడు."

టామ్ ఎవరో నాకు తెలీదు... జ్వరం మాట కాదు అది.

ఫర్కర్‌కి తెలీదు. నినియన్‌కీ తెలీదు — సత్రం సంగతి ఎవరూ చెప్పలేదుగా. చెప్పకుండా ఉన్నది ప్రేమతోనే. పేరు చెప్పి పోయింది ప్రేమతోనే. రెండు ప్రేమలూ వచ్చి ఈ గొయ్యి దగ్గర కలుసుకున్నాయి.

జనం అవతల అంచున గ్రాంజర్ తల ఎత్తాడు. ఎవరి మొహమూ చూడలేదు. తెలివైనవాడు. కాళ్ళు చూస్తున్నాడు. ఏ కాలు కదులుతుందా అని.

"ఏసా విట్లాక్."

రెండోసారి.

ఎంత బాగుంది ఆ పేరు! పట్టపగలు. నలుగురి మధ్య. ఆరుబయట. నినియన్ పేరు పక్కన తన పేరు. ఎన్నడూ జరగలేదు ఇది. వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు కూడా పేర్లు ఇలాగే పిలుస్తారు. గట్టిగా, ఊరందరికీ వినబడేలా, మూడుసార్లు.

ఇంక ఆలోచించడానికి ఏమీ లేదు.

పలికితే ఓడ. ఓడ దిగితే ఉరి. తెలుసు. పలక్కపోతే పాదాల దగ్గర ఎవరూ లేకుండా ఆ మనిషి మట్టిలోకి వెళ్తాడు. ఒంటరిగా వచ్చాడు ఆనాడు తుఫానులో. ఒంటరిగా వెళ్తాడు.

మూడోసారి పలకాలనుకున్నాడు. మొదటి రెండుసార్లూ విన్నాడు కదా — తన పేరు, తృప్తిగా. మూడోసారి పలుకుతాడు. గొంతు సర్దుకున్నాడు. బరువు ఎడమకాలి మీదికి మార్చాడు. కుడికాలు తేలికైంది.

జనంలో ఒక్క మనిషి అది చూశాడు.

మర్డో. బతుకంతా జింకల్ని చూసినవాడు. కదిలిన ప్రాణిని ఎవరైనా చూస్తారు. కదలబోయే ప్రాణిని అతను చూస్తాడు.

"ఆ మనిషి రాలేదు."

మర్డో గొంతు. ఎప్పటి గొంతే. విసుగ్గా, కాస్త ఎగతాళిగా. మూడో పిలుపు కోసం ఫర్కర్ తీసుకున్న ఊపిరి అలాగే ఉండిపోయింది.

"దక్షిణాన పట్నం వైపు మనిషై ఉంటాడు. రైలు తప్పిపోయి ఉంటుంది. ఎంతసేపని దొరని వానలో ఉంచుతావ్, ఫర్కర్? రానివాడి తాడు పక్కవాడు పట్టొచ్చుగా. ఇలా ఇవ్వు, నేను పడతాను."

ముందుకొచ్చాడు. వంగాడు. తాడు తీసుకున్నాడు.

అప్పుడు తలెత్తి ఏసాని చూశాడు. జాలి లేదు ఆ చూపులో. కోపం లేదు. పొదల్లో ఉన్న ప్రాణిని కదలొద్దని చెప్పే చూపు.

ఏసా నోరు తెరిచే ఉంది.

ఇప్పుడు పలికితే?

మర్డో అబద్ధమాడాడని తేలుతుంది. ఎఫీ ఆడింది. కమ్మరి ఆడాడు. సత్రం వాడు ఆడాడు. దాచినవాళ్ళకీ శిక్ష ఉంటుంది. ఇంతమంది అబద్ధాల మీద తను నిలబడి ఉన్నాడు ఇన్నాళ్ళూ. తను కదిలితే కింద ఉన్నవాళ్ళంతా పడతారు.

తన ప్రాణం ఇవ్వగలడు. అది సిద్ధంగానే ఉంది. ఎవరూ తీసుకోలేదు.

నోరు మూసుకున్నాడు.

పెట్టె దిగింది. తల వైపు కొంచెం ముందుగా, పాదాల వైపు కొంచెం ఆలస్యంగా. ఏసా పెట్టెని చూడలేదు. మర్డో చేతుల్ని చూశాడు. తాడు వేళ్ళ మధ్య నుంచి కొద్దికొద్దిగా జారడం చూశాడు. ఆ చేతులు ఆగినప్పుడు తన చేతులు ఆగాయి. ఎప్పుడు లేచాయో తన చేతులు — గాల్లో, ఛాతీ ముందు, ఖాళీగా...

కిందికి దించుకున్నాడు.

తాళ్ళు లోపల వేసేశారు. మట్టి వేశారు. పచ్చిక పలకలు మీద పరిచారు.

జనం గోడ దాటి విస్కీ దగ్గరికి వెళ్తున్నప్పుడు గ్రాంజర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. టోపీ చేతిలోనే ఉంది.

"దొరకి చాలా దగ్గరివాళ్ళని విన్నాను. మీరు తాడు పట్టుకోలేదే?"

ఏసా గొయ్యి వైపు చూడలేదు.

"నన్ను పిలవలేదండీ."

అన్నాడు. ఆ మాట తన నోటితో, తన గొంతుతో, ఆ మట్టికి వినబడేంత దగ్గర్లో, అన్నాడు.

గ్రాంజర్ టోపీ పెట్టుకున్నాడు. ఇంకొన్నాళ్ళు ఉంటానన్నాడు. ఇక్కడి చేపలు బాగుంటాయట.

*

అందరూ వెళ్ళాక మర్డో వచ్చాడు. గోడ మీద కూర్చున్నాడు. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. వాటిని చూసుకుంటున్నాడు తప్ప ఏసాని చూడటం లేదు.

"నువ్వేమీ అనకు," అన్నాడు. "తిట్టాలనుకుంటే రేపు తిట్టు."

ఏసాకి తిట్టాలని ఉంది. కాళ్ళ మీద పడాలని ఉంది. ఆ ఎర్రటి చేతుల్ని పట్టుకోవాలని ఉంది. అవి తనవి కావాల్సిన చేతులు.

"ఎలా ఉంది?" అని అడిగాడు చివరికి.

మర్డో చెప్పాడు. మెల్లగా చెప్పాడు. వేట నుంచి వచ్చి దొరకి చెప్పినట్టు, ఏదీ వదలకుండా చెప్పాడు.

"తేలిగ్గా ఉన్నాడు. నేననుకున్నదానికంటే తేలిగ్గా. మొదట తాడు బిగుసుకుంది. తడి కదా. తర్వాత సులువుగానే వెళ్ళింది. సగం దూరంలో ఒకసారి ఆగింది. రాయేదో తగిలింది. కాస్త వదిలాను. మళ్ళీ వెళ్ళింది."

"కిందికి చేరిందని ఎలా తెలిసింది?"

మర్డో ఆలోచించాడు.

"లాగింది. ఒక్కసారి, నా చేతిలోంచి. చిన్నగా." అరచేతిని చూసుకున్నాడు. "తర్వాత తాడు ఊరుకుంది."

ఏసా తల ఊపాడు.

ఇంకోసారి చెప్పమన్నాడు.

మర్డో ఇంకోసారి చెప్పాడు. అదే వరసలో. అదే మాటల్లో. ఒక్కటీ ఎక్కువ కలపలేదు. తర్వాత లేచి, ఏదో అనబోయి, కెనడా అనబోయి... మానేశాడు. ఏ పేరుతో పిలవాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు. వెళ్ళిపోయాడు.

సరస్సు అవతల సత్రంలో దీపం పెట్టారు.

మంచు కొండ దిగుతోంది.

ముందు సత్రం పోయింది. తర్వాత స్మశానం గోడ పోయింది. తర్వాత కొత్త పచ్చిక. తర్వాత తన చేతులు...